రాజాం వెళ్లిన అద్దె కారు

విజయనగరంలో ఉష అద్దె కారు తీసుకున్నప్పుడు మొగుడు దేవేంద్ర పక్కన లేడు. ముందురోజు ఆటోలో ఊరంతా తిరిగి వచ్చాక, ఈ రద్దీలో నువ్వు నడిపే బండి నేనెక్కనని లాడ్జిలోనే ఉండిపోయాడు. ఇద్దరూ మలేషియాలోని ఈపో నుంచి ఊళ్లు చూడ్డానికి వచ్చినవాళ్లు. ఉష ముత్తాతలు ఈ ప్రాంతం నుంచే రబ్బరు తోటల పనికి ఓడెక్కారు. ఏ ఊరివాళ్లో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వాళ్లు మాట్లాడే యాస మాత్రం నాయనమ్మ నోటినుంచి ఉషకి వచ్చింది.

కోట చూసింది. గంటస్తంభం చుట్టూ తిరిగింది. మూడు లాంతర్ల కూడలి దగ్గర జనం అడ్డొస్తే ఆగింది. మలేషియాలో హారన్ కొడితే తిట్టినట్టే లెక్క. అందుకని ఓపిగ్గా కూర్చుంది. ఇంతలో ముందు తలుపు తెరుచుకుంది.

“రాజాం ఎల్తాదా అమ్మా?” అంటూ ఒక ముసలావిడ ఎక్కేసింది. వెనక సీట్లో సంచితో ఒక నడివయసు మనిషి సర్దుకున్నాడు.

నాయనమ్మే అడిగినట్టుంది. ఉష నోట్లోంచి “ఎల్తాది” అని వచ్చేసింది.

“మరేటలాగ కూకున్నావు? హారన్ కొట్టు.”

“నాకు అలవాటు లేదు మామ్మా.”

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఒరే సైకిలూ, పక్కకి జరుగు. కారు కనబడ్డం లేదేటి?” దారి దొరికింది.

ఆవిడ పేరు నారాయణమ్మ. రాజాంలో చెల్లెలి గృహప్రవేశానికి వెళ్తోంది. వెనకాయన గోపి, ఆవిడకి అల్లుడు. ఊరు దాటాక ఆవిడ అడిగింది. “మీదే ఊరు తల్లీ?”

“ఈపో.”

“ఈపోనా? ఎటుంటాది, పాలకొండ అవతలా?”

“సముద్రం అవతల మామ్మా.”

“మరి కారెలాగ తెచ్చినావు?” అన్నాడు గోపి.

“అద్దెకి తీసుకున్నాను, ఊరు సూద్దామని.”

“ఓలమ్మ, మేము డబ్బులిచ్చి ఎక్కే సర్వీసు బండి అనుకున్నాం. మరి మమ్మల్నెందుకు ఎక్కనిచ్చినావు?” నారాయణమ్మ సిగ్గుపడిపోయి కారు ఆపమంది.

ఉష ఆపలేదు. “నువ్వు దిగిపోతే నాతో ఇలాగ మాటాడేదెవరు?” అంది.

నారాయణమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసి, చీర సర్దుకుని, మళ్లీ సీటుకి జారబడింది. అక్కణ్నుంచి బండి ఆవిడదే అయిపోయింది. చీపురుపల్లి దాటాక రోడ్డు పక్కన ఆపించి తాటిముంజెలు తినిపించింది. వేలితో పొడిస్తే నీళ్లు చిమ్మి ఉష జాకెట్టంతా తడిసింది. ముగ్గురూ నవ్వుకున్నారు.

రాజాంలో ఉషని చెయ్యి పట్టుకుని కొత్తింట్లోకి లాక్కుపోయింది. బంతిలో విస్తరి ముందు కూర్చున్నాక దేవేంద్ర ఫోను చేశాడు.

“ఎక్కడున్నావు?”

“రాజాంలో, గృహప్రవేశం భోజనంలో.”

“ఎవరిల్లు?”

ఉషకి ఇంటాయన పేరు తెలియదు. “చుట్టాలిల్లు,” అని, పప్పు వడ్డించే మనిషికి చోటిచ్చింది.

సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు నారాయణమ్మ, గోపిలతోబాటు, పెళ్లికి వెళ్తున్నట్టు ముస్తాబైన వాళ్ల ఆడబంధువులు ముగ్గురు కూడా విజయనగరం వెళ్లాలని ఎక్కారు. లాడ్జి ముందు దిగినవాళ్లని దేవేంద్ర ఒక్కొక్కరినే లెక్కపెట్టుకున్నాడు.

మర్నాడు నారాయణమ్మ చూపిస్తానంటే శ్రీకూర్మం గుడికి బయల్దేరారు. ముందు సీట్లో నారాయణమ్మ కూర్చుంది. బండెక్కనన్న దేవేంద్ర ఆవిడ టిఫిను క్యారేజీ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు.