నాలుగు ఇత్తడి రేకులు

సబ్బుల ఫ్యాక్టరీలో పెద్దమేస్త్రీ బొటనవేలి గోరు గురించి తెలియనివాళ్లు లేరు. ఈగ వాలితే ఇనుము ఎంత కుంగిందో ఆ గోరు చెప్పేస్తుందట. అందులో సగం కోతలనుకున్నా మిగతా సగం నిజమే. అందుకే ఆయన్ని గోరు మేస్త్రీ అంటారు.

ఆయన కోడలు కూడా అక్కడే ఫిట్టరు. ఆ ఉదయం మాత్రం ఆవిడకు ఆ గోరు మీద నమ్మకం చాల్లేదు. మామగారి చూపు మందగించింది. మొన్న అద్దంలో తన మొహమే చూసి, "ఎవరో పెద్దమనిషి వచ్చారు, కూర్చోమనమ్మా" అన్నాడాయన. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆవిడకు.

కొత్త ఇంజినీరు ముందే చెప్పేశాడు. గోరు మేస్త్రీ బిగించిన వేడినీళ్ల పంపు ఈరోజు మరిగే నీళ్లతో రెండు గంటలు నడవాలి. నడిస్తే ఆయన పనిలో ఉంటాడు, లేకపోతే ఇంటికే.

మోటారు ఇరుసు చివర ఒక ఇనుప పంజా, పంపు ఇరుసు చివర ఇంకొకటి, రెంటి మధ్యా నక్షత్రం లాంటి రబ్బరు ముక్క. దాన్నే కప్లింగు అంటారు. ఇరుసులు కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా రబ్బరు సర్దుకుపోతుంది. మరీ ఎక్కువైతే, ఓర్పున్న ఇల్లాలిలా నోరు మెదపకుండా అరిగి అరిగి, ఒకరోజు పుటుక్కున తెగుతుంది.

ఎవరూ రాకముందే కోడలు రెండు పంజాల మీదా ఇనుప స్కేలు ఆనించి చూసింది. కింద నుంచి వెలుగు కనబడింది. మోటారు వైపు గోరు మందం ఎత్తుగా ఉంది. మామగారి కళ్లు తప్పాయనుకుంది ఆవిడ. చడీచప్పుడు కాకుండా బోల్టులు వదులుచేసి, ఎత్తు కోసం మోటారు నాలుగు కాళ్ల కింద పెట్టిన నాలుగు ఇత్తడి రేకులు లాగేసి, మళ్లీ బిగించి, రేకులు చొక్కా జేబులో వేసుకుంది.

ఇంజినీరు వచ్చి తన స్కేలు పెట్టాడు. వెలుగు లేదు.

"భేష్, మేస్త్రీగారూ."

మామగారు తల గోక్కున్నాడు. "తప్పు పట్టలేదేంటమ్మాయ్ ఈ బాబు? పోట్లాడదామని పొద్దున్నే గొంతు కూడా సవరించుకొచ్చాను."

కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పంపు మొదలైంది. రబ్బరు పొడి రాలితే తెలియాలని కోడలు కప్లింగు కింద తెల్లకాగితం పరిచింది. పావుగంట బాగానే ఉంది. అరగంటకు కాగితం మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ముప్పావుగంటకు కాటుక ఒలికినట్టయింది. రబ్బరు కాలిన వాసన. జేబులో రేకులు నిప్పుకణికల్లా తగులుతున్నాయి.

మామగారి ముక్కుపుటాలు కదిలాయి. ఆయన మొహంలో ఎప్పుడూ ఉండే ధీమా జారిపోయింది. కోడలి చెవి దగ్గరకొచ్చాడు.

"నలభై ఏళ్లలో ఈ గోరు నాకు అబద్ధం చెప్పలేదమ్మా. మొద్దుబారిందేమో. బాబుకి నేనే చెప్పేస్తాను, ఇంక చేతకాదని."

ఆ మాటతో ఆవిడ కాళ్లు వాటంతటవే స్విచ్చు దగ్గరికి నడిచాయి. పంపు ఆగింది.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడు ఇంజినీరు.

"నేనే ఆపాను సార్. తప్పు మామయ్యది కాదు." రేకులు తీసి అరచేతిలో చూపించింది. "వంకరగా ఉందనుకుని పొద్దున నేనే తీసేశాను."

మామగారు రేకుల వంక, కోడలి వంక మార్చి మార్చి చూశాడు. మెల్లగా ఆయన మీసం కదిలింది.

"ఓసి పిచ్చితల్లీ. బాబూ, ఇప్పుడు పెట్టు నీ స్కేలు. పంపు ఒళ్లు చల్లారకముందే పెట్టు."

ఇంజినీరు పెట్టాడు. పొద్దున లేని వెలుగు ఇప్పుడుంది. ఈసారి పంపే ఎత్తుగా ఉంది.

"మరిగే నీళ్లు తాగితే పంపు ఒళ్లు చేసి లేస్తుంది. మోటారు లేవదు. అందుకని చల్లగా ఉన్నప్పుడే మోటార్ని ఆ కాస్తా పైకెత్తి పెడతాను. వంకరగా కనబడుతుంది. కనబడనీ."

కోడలు ఒక రేకు తీసి స్కేలు కింది సందులో దోపింది. చీమ దూరే చోటు కూడా మిగల్లేదు. ఇంజినీరు స్కేలు తీసేశాడు.

"పెట్టెయ్యండి. కొత్త రబ్బరు వెయ్యండి. కానీ గడియారం మళ్లీ మొదటి నుంచి. రెండు గంటలు."

పంపు చల్లారాక రేకులు వాటి చోటికి చేరాయి. కొత్త కాగితం పరిచారు. మామగారు దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని, చేతులు కట్టుకుని, మీసం మీద నిమ్మకాయలు నిలబెట్టేంత దర్జాగా కూర్చున్నాడు. గంట గడిచింది. గంటన్నర. కోడలు ఊపిరి లెక్కపెట్టుకుంటూ నిలబడింది. రెండు గంటలు ఇంకో పది నిమిషాల్లో నిండుతాయనగా ఆయన ఆవిడ చొక్కా అంచు లాగాడు.

"అమ్మాయ్," అన్నాడు పెదవులు కదలకుండా. "బాబు అటు తిరిగాడా?"

"తిరిగారు మామయ్యా."

"కాగితం మీద నల్లగా ఏమన్నా ఉందా? ఇందాకటి నుంచీ చూస్తున్నాను. నాకు కాగితమే కనబడట్లేదు."

కోడలు వంగి చూసింది. ఇంకా వంగి చూసింది.

"తెల్లగా ఉంది మామయ్యా."

"పూర్తిగా?"

"పూర్తిగా. రేపు పొద్దున కళ్లడాక్టరు దగ్గరికి వెళ్దాం."

"వెళ్దాం," అన్నాడు ఆయన, బొటనవేలిని గుప్పిట్లో దాచుకుంటూ. "దీనికి మాత్రం చెప్పకు. నొచ్చుకుంటుంది."