పేరు వచ్చేదాకా

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటుంది. నా కూతురు ఏదైనా చెప్పబోతే, చివరిదాకా వినే ఓపిక లేనివాళ్ళ మధ్య అది ఒంటరిగా పడుతుందేమోనని.

దాని పేరు వెంకటదుర్గ. పదేళ్ళు. నత్తి ఉంది. తన పేరు దగ్గరే మరీ ఎక్కువ. "వెం... వెం..." అంటూ పెదవులు బిగుసుకుపోతాయి, కళ్ళు మూతలు పడతాయి. చూడలేక నేనే "వెంకటదుర్గండి" అనేస్తాను. బస్సులో, కొట్లో, బళ్ళో, ఎక్కడైనా అంతే. పదో తరగతి మధ్యలో మానిపించి పెళ్ళి చేశారు నాకు. వచ్చిన విద్యలు తక్కువే గానీ, కూతురి నోట్లో మాట అందుకోవడం మాత్రం బాగా వచ్చు.

మొన్న మే నెలలో దానికి సామర్లకోటలో ఆడపిల్లల హాస్టల్ బడిలో ఐదో తరగతి సీటు వచ్చింది. కొవ్వూరులో గోదారి ఒడ్డున ఉండే మా వీధిలో అలాంటి సీటు ఎవరికీ రాలేదు. మా ఆయన అచ్చిబాబు ఆ రోజు పడవ కూడా తియ్యకుండా ఇంటింటికీ చెప్పుకుంటూ తిరిగాడు. నేను మాత్రం పంపనన్నాను.

"కడుపునొప్పని చెప్పడానికి దానికి ఎంతసేపు పడుతుందో తెలుసు కదా. అక్కడ ఎవరాగుతారు?"

"చేరడానికింకా ఇరవై రోజులుందిలే. అప్పటిదాకా ఆలోచించు," అన్నాడు.

అప్పుడే మా వీధి రత్తమ్మ పిన్ని జాతర కోసం నాకూ, దుర్గకీ, ఇంకో పదిమందికీ జడకోలాటం నేర్పుతోంది. పొద్దున మార్కెట్లో చేపలమ్ముతుంది, మధ్యాహ్నం చిరిగిన వలలు బాగుచేస్తుంది, సాయంత్రం మాచేత గంతులేయిస్తుంది. కమ్యూనిటీ హాలు దూలానికి పన్నెండు పాతచీరల పీలికలు కట్టింది. ఎడంచేతిలో పీలిక కొస, కుడిచేతిలో కోల. ఆరుగురం ఇటు, ఆరుగురం అటు తిరుగుతూ, ఒకరి పీలిక కింద నుంచి దూరి, తరవాతి వాళ్ళ పీలిక మీదుగా మనది తిప్పుతుంటే పైనుంచి జడ అల్లుకుంటూ దిగుతుంది. అవే అడుగులు వెనక్కి వేస్తే విడిపోతుంది. ఒక్కరు తప్పినా విడదు. పాట, అడుగు రెండూ కలిసి నడవాలి.

అందరితో కలిసి పాడేటప్పుడు దుర్గకి నత్తే లేదు. నేనింకా ఆ సంబరంలో ఉండగానే పిన్ని కొత్త వరస పెట్టింది.

"అందరూ ఒకటే గొంతైపోతే ఎవరున్నారో ఎవరు లేరో తెలీట్లేదమ్మా. చుట్టుకొకరు తమ పేరు ఎత్తుకోండి. మిగతావాళ్ళు అందుకోండి."

"దుర్గకి వద్దు పిన్నీ," అన్నాను.

"దాన్నడిగానా, నిన్నడిగానా?"

"నే... నేను చెప్తా మామ్మా," అంది దుర్గ.

"పేరు రాకపోతేనో?" అన్నాను పిన్నితో.

"ఉన్నచోటే అడుగేస్తూ ఉంటాం. కాలు మాత్రం ఆపకూడదు. పేరేమన్నా రైలా, టైముకి రావడానికి?"

"రైలు మాత్రం టైముకొస్తుందేంటి పిన్నీ!" అంది పక్కింటి సత్యకుమారి. గోదారి బ్రిడ్జి మీద అప్పుడే ఏదో రైలు వెళ్తోంది. అందరూ ఒకటే నవ్వు.

దుర్గ వంతు వచ్చింది. "నా పేరు వెం... వెం..."

అందరం ఉన్నచోటే అడుగులేస్తున్నాం. పిన్ని తాళాలు వాయిస్తోంది. ఒకటి, రెండు, మూడు... ఏడు దాకా లెక్కపెట్టాను. ఎనిమిదో అడుగుకి నా నోరు ఆగలేదు.

"వెంకటదుర్గ!"

అందరూ అదే అందుకున్నారు. చుట్టు కదిలింది. దుర్గ నా వైపు చూడలేదు.

జడ విప్పేటప్పుడు సగంలో బిగుసుకుపోయింది.

"పాపం దుర్గ తడబడింది కదా, అక్కడే చిక్కు పడుంటుంది," అంది సత్యకుమారి. నేనూ అలాగే అనుకున్నాను.

పిన్ని స్టూలెక్కి ఒక్కో పీలికనీ తడుముకుంటూ వచ్చింది. ఎన్ని వలల చిక్కులు తీసిన వేళ్ళో అవి. దుర్గది పసుపు పీలిక. నాది నా పెళ్ళినాటి ఆకుపచ్చ చీర చింపి చేసింది. చిక్కు ఆకుపచ్చ దాని దగ్గరుంది.

"మీదుగా తిప్పాల్సిన చోట కిందనించి దూరావే రాణీ," అంది పిన్ని. "పిల్లకి మాట ఆగింది గానీ కాలు ఆగలేదు. నువ్వు దాని మాట చూసుకుంటూ నీ అడుగు వదిలేశావు."

"అ... అమ్మ ఎప్పుడూ అంతే మామ్మా," అంది దుర్గ. అందరూ నవ్వారు. అదీ నవ్వింది. నాకే నవ్వు రాలేదు.

మళ్ళీ మొదటినుంచి అల్లాం. దాని వంతు రాగానే కింది పెదవి పళ్ళతో గట్టిగా పట్టుకున్నాను. ఎనిమిది, పది, పద్నాలుగు. ఎవరూ తొందరపడలేదు. సత్యకుమారి దూలం వైపు చూస్తూ హాయిగా అడుగులేస్తోంది. పంతొమ్మిదో అడుగుకి వచ్చింది, "వెంకటదుర్గ" అని. పెద్ద గొంతేం కాదు. మేం పదకొండుగురం అందుకున్నాం. జడ విప్పితే పన్నెండు పీలికలూ విడివిడిగా వేలాడాయి.

ఇంటికి నడుస్తుంటే అంది: "నే... నేను హా... హాస్టల్‌కి వె... వెళ్తానమ్మా."

మొత్తం విన్నాను. "సరే" అనడానికి నాకే ఇల్లు చేరేదాకా పట్టింది.

జూన్‌లో చేర్చాం. ఇప్పుడు మా చిన్నాడికి ఆటలమ్మ పోసింది, రెండాదివారాలు నేను అటు వెళ్ళకూడదు. వార్డెన్ గారి ఫోన్‌లో మాట్లాడుతుంది గానీ, మధ్యలో ఏమీ వినపడకపోతే ఆగింది దాని మాటో, ఫోనో నాకు తెలియడం లేదు.

మీలో ఎవరైనా ఈ ఆదివారం మీ అమ్మాయిని చూడ్డానికి ఆ హాస్టల్‌కి వెళ్తుంటే, ఐదో తరగతిలో మా పిల్లని కూడా ఒకసారి చూసి రండి. తింటోందా, ఒంట్లో బాగుందా అడగండి. ముందు పేరడగండి. నేనిక్కడ రాసేశాను గానీ, తెలియనట్టే ఉండండి. అది చెప్పేదాకా, ఉన్నచోటే అడుగులేస్తూ కాసేపు ఆగండి.