బట్టల క్లిప్పుల దొంగ

రక్త పరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది.

"వాపు బాగా తగ్గిందే! నేనిచ్చినవి కాక ఇంకేమైనా వాడుతున్నారా పెద్దమ్మా?"

"ఏమీ లేదు," అన్నారు మా అత్తగారు.

ఆ రెండు మాటలే నాకు నచ్చలేదు. టైమెంతయిందని అడిగినా నాలుగు వాక్యాలకు తక్కువ జవాబివ్వని మనిషి ఆవిడ.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. కిందటేడు ఎవరో ఇచ్చిన పేరూ ఊరూ లేని నల్లమాత్రలు మాకు తెలియకుండా మింగారు. మోకాళ్ళ వాపు మాయమైంది. నెల తిరక్కుండా కడుపులో పుండు పడి ఆసుపత్రి పాలయ్యారు. "మళ్ళీ వాటి జోలికెళ్తే ఈసారి నా చేతుల్లో ఉండదు," అని హెచ్చరించింది ఈ డాక్టరమ్మే.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. "వయసు పైబడ్డాక ఒంట్లో వాపు నివురుగప్పిన నిప్పులాంటిది. పైకి కనపడదు, లోపల కీళ్ళనీ గుండెనీ కాలుస్తూనే ఉంటుంది. మందులకు తోడు మీరూ కదలాలి. పరుగులెత్తమనడం లేదు. లేవండి, నాలుగు మెట్లెక్కండి, ఇంట్లో అటూ ఇటూ తిరగండి. కండరాలు పనిచేస్తుంటే ఆ నిప్పు అణుగుతుంది."

"తిరిగే ఓపికే ఉంటే నీ దగ్గరికెందుకొస్తానమ్మా?" అని, ఇంటికొచ్చి తన పేము కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీకీ ఆవిడకీ విడాకులిప్పించగల లాయరు ఇంకా పుట్టలేదు.

అలాంటి మనిషికి వాపు తగ్గిందంటే ఎలా నమ్మను? ఆవిడ స్నానానికెళ్ళగానే దిండు కింద వెతికాను. బీరువా సొరుగు, చేతిసంచి అరలు అన్నీ దులిపాను. రెండు దగ్గుబిళ్ళలు తప్ప ఏమీ దొరకలేదు.

మర్నాడు పొద్దున కూర తరుగుతూ తొంగిచూస్తే కుర్చీ ఖాళీ! మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒకప్పుడు ఆవిడ ఇనప కమ్మీ పట్టుకుని ఒళ్ళు పైకి లాక్కుంటూ మెట్లెక్కితే, మెట్టుమెట్టుకీ గాజులు దానికి తగిలి మోగేవి. ఇవాళ ఎక్కడో ఒకచోట మోగాయంతే. మాత్రలు డాబా మీద చేతులు మారుతున్నాయన్నమాట! చెప్పుల్లేకుండా పిల్లిలా వెనకాలే వెళ్ళాను.

నీళ్ళ ట్యాంకు వెనక, కొంగు బిగించి, ఒంగి చూస్తున్నారు అత్తగారు.

"ఇక్కడేం చేస్తున్నారత్తయ్యా?"

"ష్! వంగు. దొంగ కోసం కాస్తున్నా."

"ఏం పోయాయి?"

"బట్టల క్లిప్పులు! కొన్నవన్నీ ఏమయ్యాయి? తీగ మీద చూడు, దిక్కులేని పిట్టల్లా నాలుగు మిగిలాయి. డాబా గదిలో అద్దెకున్న కుట్టుపిల్ల పనే ఇది. గుడ్డ జారకుండా క్లిప్పులు పెట్టి కుడుతుంది. నా కళ్ళారా చూశాను."

"ఎన్నాళ్ళుగా కాస్తున్నారు?"

"ఎండాకాలం నుంచీ. బట్టలారేసినప్పుడోసారి, ఎండ తిరిగాకోసారి. మధ్యలో దాని గదికి. ఎవరైనా గుడ్డలు తెస్తే గేటు దాకా. నీకెక్కడ తెలుస్తుంది, నువ్వు పొయ్యి దగ్గర పాటలు పాడుకుంటుంటావు. నెలాఖరుకి దీన్ని ఖాళీ చేయిస్తున్నా."

మాత్రల రహస్యం తేలిపోయింది. హాయిగా కిందికొచ్చి, కాఫీ పెడదామని అర తెరిచాను. పొడి పొట్లానికి క్లిప్పు. చక్కెరకి క్లిప్పు. పప్పులకి, రవ్వకి, చివరికి బఠాణీలక్కూడా క్లిప్పే. పొట్లం విప్పిన ప్రతిసారీ చేతికందింది తగిలిస్తూ వచ్చాను. నా వంటగదిలో బట్టలకి తప్ప అన్నిటికీ క్లిప్పులున్నాయి.

నిజం చెబితే కేసు మూసేసి ఆవిడ కుర్చీలోకి వెళ్తారు, వాపు మోకాళ్ళలోకి తిరిగొస్తుంది. చెప్పకపోతే కుట్టుపిల్ల వీధిన పడుతుంది. మొన్ననే ఆ అమ్మాయి దిగులుగా అడిగింది: "అక్కా, పెద్దమ్మకి నా మీద కోపమా? రోజూ వచ్చి కత్తెర అడుగుతారు. ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేస్తారు."

మర్నాడు బట్టలారేశాక తీగ మీంచి ఒక క్లిప్పు లాగి, నలువైపులా దొంగచూపులు చూసి, కొంగులో ముడేసుకున్నాను. ట్యాంకు వెనక గాజులు ఘల్లుమన్నాయి. ఆవిడ వెనకబడకుండా మెట్లు మెల్లగా దిగాను.

వంటగది గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. "కొంగులో ఏంటే అది?"

"ఏమీ లేదత్తయ్యా," అన్నాను. నేనూ రెండు ముక్కల్లోనే.

ఆవిడ కళ్ళు చిన్నవయ్యాయి. "ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చూద్దాం!"

ఆ సాయంత్రమే డాబా గదికి వెళ్ళి, కుట్టుపిల్లకి రవిక గుడ్డ ఇచ్చి, "ఇక్కడే ఉండమ్మా, నీలాంటి నిజాయితీగల పిల్ల దొరకదు," అని చెప్పి వచ్చారట. అప్పట్నుంచీ నేను పెరట్లోకెళ్తే పెరట్లోకి, సందు చివరి కొట్టుకెళ్తే కొట్టుకి. ఆవిడ వెతకబోయే చోట ఏమీ దొరక్కుండా ముందే మార్చేయడం నా వంతు. పేము కుర్చీలో పాత పేపర్లు పేరుకున్నాయి. ఈమధ్య మావారు కూడా నన్ను అదోలా చూస్తున్నారు. తల్లి ఏం చెప్పిందో ఏమో.

ఇంట్లో క్లిప్పులన్నీ నా దగ్గరికే చేరాయి. ఇవాళ చెంచాలు మొదలుపెట్టాను. ఒకటి కొంగు చాటున పెట్టుకుని డాబా మెట్లెక్కుతుంటే, వెనకాల అడుగులు వినపడ్డాయి. చెవులు రిక్కించాను. కమ్మీ మీద గాజుల చప్పుడు లేదు.