ఖుద్దూసు చూచిన నెలవంక

శ్రావణమేఘములు పశ్చిమదిగంతమున నస్తమించుచున్న సూర్యబింబమును కానరాకుండ కప్పివేసెను. కొండలపై గురిసిన వానలకు పొంగిన పెన్నేటి క్రొత్తనీరు ఎఱ్ఱని సుడులతో నుఱవడించి రహమతుపేట కోటగోడల నొరసికొని పాఱుచుండెను. అది షాబాను మాసము ముగియవచ్చిన సాయంకాలము. నెలవంక కనబడెనా మఱునాడే రంజాను ఉపవాసములు మొదలగును. కనబడకున్న నింకొక దినము గడువు గలదు. కావున పేటలోని ముసల్మానులెల్లరు మసీదు ముంగిట మెడలు నిక్కించి మబ్బులను తిట్టుకొనుచు నిలిచియుండిరి.

అత్తరు ఖుద్దూసు సాహేబు మాత్రము వారిలో లేడు. మొగలిపూలను వట్టివేళ్లను బట్టీలలో కాచి పరిమళతైలములు దించుట యాతని వంశవృత్తి. పండుగలకు మసీదు చాపలపై పన్నీరు చల్లువాడును మృతులకు కర్పూరము పూయువాడును ఆతడే. ఆతడు చెప్పిన మాటకు పేటలో ఎదురులేదు. అట్టి పెద్దమనిషి కొన్నేండ్లుగా కోటకు వెలుపలి కొండచఱియపైనున్న ఈతవనమునకు చాటుగా పోయి కల్లు త్రాగుట మరగెను. త్రాగి లవంగము నమిలి గడ్డమునకు అత్తరు పూసికొని యేమియు నెఱుగనివానివలె ఇల్లు చేరుచుండెను. రంజాను మాసమున ముట్టనని ఏటేట ఒట్టుపెట్టుకొనును. మాసము దాటినంతనే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టును.

ఆనాడు మూసికొనియున్న యాకాశమును చూచి ఈ మబ్బులో చంద్రుడేమి కనబడును నేటి సాయంకాలము కూడ నాదే యని తలపోసి ఆతడు ఈతవనమున చేరి ముంత యెత్తి సగము త్రాగెను. అంతలో పడమటి మేఘ మొక్క రెప్పపాటు విచ్చెను. ఆ సందున గోరుగాటువంటి నెలవంక తళుక్కున మెఱసి మరల మఱుగయ్యెను. ఖుద్దూసునకు ముంతను నోటి కెత్తుటకును క్రింద నుంచుటకును చేయి రాలేదు. రంజాను వచ్చెను, తానో కల్లుముంతతో దాని కెదురేగెను.

కోటవాకిట మసీదు చేరువఱకు ఆతని కొకటే చింత. చెప్పిన తన గుట్టు బయటపడును. చెప్పకున్న పేట యంతయు పవిత్రమైన యొక యుపవాసమును కోలుపోవును. తుద కెట్లో జనుల నడుమకు వచ్చి "నేను చూచితిని" అనెను.

వృద్ధుడైన ఖాజీ బురహానుద్దీను ముఖము వికసించెను. "ముసురుపట్టినప్పుడు సద్వర్తనుడైన యొక్కని సాక్ష్యము చాలును. ఇంతకు మించిన సాక్షి నాకెక్కడ దొరకును?" అనెను. బురుజుపై జమాదారు హైదరు రంజాను రాకను చాటు ఫిరంగిచెంత వత్తి వెలిగించుకొని ఖాజీ కనుసన్నకై వేచియుండెను.

"ఎచ్చటనుండి చూచితివి?"

"కొండచఱియపైనుండి."

"ఈ వానవేళ అచ్చటి కేల పోయితివి, భాయీ? అల్లా సాక్షిగా చెప్పుము."

మొగలిపూలకని చెప్పిన చాలును. ఆ మాటను శంకించువా డొక్కడును లేడు. చంద్రుడు నిజము, ఉపవాసము నిజము, నడుమ నొక చిన్న బొంకు ఎవ్వరిని చెఱచునని ఆతని మనసు వాదించెను. ఖుద్దూసు నోరు తెఱచెను. లవంగమును అత్తరును దాటి కల్లు పులుపు ఆతని ముక్కుపుటములకే తగిలెను. ఆ నోటితో అల్లా పేరెత్తి బొంకలేకపోయెను. బురుజుపై వత్తి చిటపటలాడుచుండెను.

"ఖాజీసాహేబు, చంద్రుని చూచిన మాట నిజము. పూలకు పోలేదు. కల్లు త్రాగుటకు పోతిని. ఈ నోటితోనే త్రాగితిని."

హైదరు బురుజు దిగి దూకుచు వచ్చి "ఈ చేతులతోనా నా తండ్రి శవమునకు కర్పూరము పూసితివి! వీనిని మెడబట్టి గెంటుడు!" అని యఱచెను.

"ఆగుము" అని ఖాజీ చేయెత్తెను. "ఖుద్దూసూ, బొంకియుండిన నీ సాక్ష్యము చెల్లియుండెడిది. నిజము చెప్పి దానిని నీవే చెఱుపుకొంటివి. త్రాగినవాని మాటపై పేటకు రంజాను చాటుటకు నాకు అధికారము లేదు. కాని చంద్రుని చూచినవాడవు నీవు. రేపటి ఉపవాసము మాకు విధి కాదు, నీకు విధి."

"నాకింక నమాజు గలదా?" అని ఖుద్దూసు నేల చూచుచు నడిగెను.

"మత్తు దిగువఱకు వరుసలో నిలువకుము. దిగినపిదప సిగ్గుపడి నిలువకుందువా అది వేఱొక పాపము. తౌబా యనెడు పశ్చాత్తాపపు వాకిలి మూయుటకు తాళము నాచేతను లేదు, హైదరుచేతను లేదు."

వత్తి నార్పివేసిరి. ఫిరంగి మ్రోగలేదు.

మఱునాడు పేటయంతయు తినుచుండగా ఖుద్దూసు ఒక్కడే పస్తుండెను. భార్య జైబున్నిసా ఆతని ముఖము చూడకయే తెల్లవాఱకమునుపే రొట్టె కాల్చి యెదుట పెట్టెను. అత్తరు కొనవచ్చినవాడు లేడు. ఆతడు ప్రతి నమాజునకును పోయి కడపటి వరుసలో నిలుచుండెను. ప్రక్కవారు జరిగి నడుమ చోటు విడిచిరి. నుదురు నేలకు మోపినపుడు "ప్రభూ, ఈసారి ఒట్టు గట్టున పెట్టను" అని వెక్కి వెక్కి యేడ్చెను.

సాయంకాలమునకు మబ్బులు విఱిసెను. సూర్యు డస్తమించినంతనే పడమట చంద్రుడు కనబడెను. అది నేడు పుట్టిన చంద్రుడు కాడని పసివానికైన తెలియునంత యెత్తున నిలిచి ప్రకాశించుచుండెను. ఏటేట వచ్చు సంతోషపు కేక నేడెవ్వరి గొంతునను రాలేదు. తాము తిన్న యన్నము రంజానునాటి యన్నమని యందఱకును తెలిసెను.

ఖుద్దూసు నీటితొట్టి యొద్ద నొంటిగా కూర్చుండి దోసిట నీరు పట్టి, ఉపవాసము విడువనిచ్చు అజాను పిలుపుకై వేచియుండెను. ఖాజీ మెల్లగా వచ్చి యాతని యెదుట చతికిలబడి జేబునుండి యొక ఖర్జూరము తీసి యిచ్చెను.

"మే మందఱము తప్పిన యొక యుపవాసమును పండుగ పిదప తీర్పవలసియున్నది. నీవు తీర్పనక్కఱలేదు. తినుము, నాయనా."

అజాను వినబడెను. ఖుద్దూసు ఆ పండును నోట వేసికొనెను. పిదప వరుసలు తీర్చునపుడు ఆతని ప్రక్క చోటు పగటివలెనే ఖాళీగా నుండెను. హైదరు ముందువరుస విడిచివచ్చి ఆ చోట నిలిచి తన భుజమును ఆతని భుజమునకు ఆనించెను. ఆనాడు ఖుద్దూసు గడ్డమునకు అత్తరు పూసికొనలేదు.