దుర్గ ముంచిన కుండ

నా భార్య రాధకి ఒక్కడే తమ్ముడు, దాలయ్య. వాడు సముద్రం మానేసి పరవాడ మందుల కంపెనీలో వాచ్‌మన్‌గా చేరిపోతానన్నాడని తెలిసి, డ్యూటీ దిగిన బట్టలతోనే ఉక్కునగరం నుంచి వాళ్ళ జాలారి వీధికి వెళ్ళాను. నేనూ ఆ వీధిలోనే పుట్టాను. పడవెక్కితే కడుపులో తిప్పే మనిషిని కనక ఉక్కు ఫ్యాక్టరీలో చేరాను. సింహాద్రి అప్పన్న దయవల్ల నాకు లోటేమీ జరగలేదు.

దాలయ్య గుమ్మంలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. కూతురు దుర్గ నాకు మంచినీళ్ళిచ్చి, పలకరించకుండానే లోపలికి వెళ్ళిపోయింది. ఇదివరకు ఆ పిల్ల ఉంటే మాకు మాట్లాడే సందే దొరికేది కాదు.

"ఏటి దాలయ్యా, ఒంట్లో బాగోనేదా?"

"ఒంటికేటి బావా. వలకే బాగోనేదు. ఏసినప్పుడల్లా సిరిగిపోతన్నాది. అమ్మోరికి మా మీద కోపమొచ్చినాది."

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. వేసవిలో చేపల వేట మీద ఉండే నిషేధం ముగిసి, మళ్ళీ వేట మొదలయ్యే ముందురోజు, ప్రతి ఇంటి నుంచీ గంగమ్మకి ఒక మట్టికుండ వెళ్తుంది. అందులో పసుపు కలిపిన బియ్యం, వేపాకు, బరువుకి కాస్త ఇసుక వేస్తారు. ఎవరి కుండ వాళ్ళు తమ గుట్ట మీద ముంచాలి. గుట్ట అంటే సముద్రం అడుగున చేపలు చేరే రాళ్ళ చోటు. అదెక్కడుందో తండ్రి కొడుక్కి చెబుతాడు గానీ, పక్కవాడికి చెప్పడు.

కుండ నింపేది ఆ ఇంటి ఇల్లాలే. దాలయ్య భార్య చిట్టమ్మ నిరుడు కామెర్లతో పోయింది. రాధ ఆ రోజు జ్వరంతో మంచం మీద ఉంది. అందుకని ఈసారి కుండ దుర్గే నింపింది, తండ్రితో పడవెక్కి తనే ముంచింది. తర్వాత దాలయ్య వలలు ముక్కలవుతుంటే, పెళ్ళికాని పిల్ల చెయ్యి పెట్టబట్టే అమ్మవారు ఆ కుండ పట్టలేదని, అంటే అందుకోలేదని, వీధి వీధంతా అనుకుంది. పంపు దగ్గర దుర్గ బిందె పెట్టబోతే ఆడవాళ్ళు పక్కకి నెట్టేస్తున్నారట.

"నువ్వు కూడా అదే అంటన్నావా?" అని అడిగాను.

"నాను అన్నేదు బావా."

"అన్నేదు సరే. కాదని ఎవరికైనా సెప్పేవా?"

దాలయ్య పళ్ళతో దారం తెంపి, వలలో ఇంకో చిరుగు వెతుక్కున్నాడు.

నేను శనివారం ఉపవాసం తప్పను. అమ్మవారికి కోపం రాదని వాదించేవాణ్ణి కాను. కానీ తల్లి పోయిన పిల్ల, తల్లిని తలుచుకుని నింపిన కుండ మీద గంగమ్మకి కోపమెందుకొస్తుంది? ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

మా అబ్బాయి వాసు ఋషికొండ దగ్గర స్కూబా డైవింగ్ చేయించేవాళ్ళ దగ్గర పనిచేస్తాడు. నీళ్ళ లోపల టూరిస్టులకి ఫోటోలు తీస్తాడు. సంగతి చెప్పగానే వాడే వచ్చి, "మావయ్యా, నీ గుట్ట దగ్గర నేను దిగి చూస్తాను" అన్నాడు.

దాలయ్య ఎగిరిపడ్డాడు. "మా బాబు నాకు సెప్పిన తావది. నీ కెమేరాలో పడితే ఊరంతటికీ తెలిసిపోద్ది."

"నీళ్ళ కింద రాయికి డోర్ నెంబరు ఉంటాదేటి మావయ్యా?"

తలుపు వెనక దుర్గ కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో మరి, దాలయ్య కాసేపు తలుపు వైపే చూసి, "సరే, పద" అన్నాడు.

అప్పటికి నీళ్ళు ఇంకా మురికిగా ఉండటంతో, కార్తీకం వెళ్ళి తేటపడ్డాక బయల్దేరాం. వాసుతో పాటు దిగడానికి ఆశాజ్యోతి అనే అమ్మాయి వచ్చింది, వాళ్ళ దగ్గరే డైవింగ్ నేర్పుతుంది. దుర్గ మాత్రం రానంది. "నానొస్తే మళ్ళీ ఏటో ఒకటంటారు మావయ్యా."

పడవ ఊగడం మొదలవగానే నేను అంచు పట్టుకుని వంగిపోయాను. "కొలిమి కాడ నిలబడతావు గానీ, అలకి ఆగలేవు బావా!" అని దాలయ్య నా వీపు నిమిరాడు.

గుట్ట దగ్గర నీళ్ళలోకి దిగిన వాసు, ఆశాజ్యోతి అరగంటకి పైకి వచ్చి పడవెక్కారు. వాసు కెమేరా తెర తుడిచి చూపించాడు. ఏ పెద్ద బోటువాళ్ళు తెంపుకుని వదిలేశారో, లావుపాటి వల ఒకటి గుట్ట సగం మీద దుప్పటిలా కప్పేసి ఉంది. దాలయ్య ఆకుపచ్చ వల పీలికలు దానికే వేలాడుతున్నాయి.

"నీ వల సిరిగేది దీనికి తగులుకుని, మావయ్యా. ఇంకోటి చూడు. దీన్ని చూసి నా నోట్లో గాలిగొట్టం జారిపోబోయింది."

రెండు రాళ్ళ సందులో ఒక కుండ పక్కకి ఒరిగి ఉంది. నాచు పట్టిన కడుపు మీద గులాబీరంగు చేపబొమ్మ కనిపిస్తోంది.

"దుర్గదే!" అన్నాడు దాలయ్య. "కుంకం నీళ్ళకి పోద్దని గోళ్ళరంగుతో ఏసినాది."

కుండ మూతిలో ఒక ఆక్టోపస్ ఒదిగి కూర్చుని మా వైపే చూస్తోంది. దాని వెనక తెల్లటి గుడ్లు, బియ్యపు గింజలు దండలు గుచ్చి వేలాడదీసినట్టు.

"తల్లి, అంకుల్," అంది ఆశాజ్యోతి. "గుడ్లు పిల్లలయ్యేదాకా అక్కణ్ణించి కదలదు. తిండి కూడా తినదు."

దాలయ్య తెర మీద చెయ్యి పెట్టబోయి, తడిచెయ్యని వెనక్కి తీసుకున్నాడు. "పురుడు పోసుకోడానికి మా పిల్ల కుండే దొరికినాదేటే తల్లీ నీకు!" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేనూ పెట్టాను. కడుపులో తిప్పడం ఎప్పుడు ఆగిందో తెలియలేదు.

ఇంటికొచ్చాక దుర్గ ఆ ఫోటో చాలాసేపు చూసింది.

"నీ సెయ్యి మంచిదేనమ్మా," అన్నాడు దాలయ్య.

"ఇంట్లో సెప్తే ఏటి లాభం నాన్నా? ఎల్లి పంపు కాడ సెప్పు."

దాలయ్య లేచి కెమేరా పట్టుకుని బయటికి నడిచాడు. పంపు దగ్గర ఆడా మగా మూగారు. వీధి పెద్ద సన్యాసిరాజు చూసి పెదవి విరిచాడు. "ఫోటోలకేటి, ఎక్కడైనా తీత్తారు. నీ తావులోనే తీసేరని ఎవుడికి తెల్సు?"

వాసు ఏదో అనబోతే దాలయ్య ఆపాడు. ఒక్కసారి దుర్గ వైపు చూశాడు. తర్వాత అందరికీ వినపడేలా చెప్పాడు: "పడవలోంచి సూత్తే, కైలాసగిరి మీద శివయ్య బొమ్మ ఎనకాల సింహాచలం కొండ గండి కనపడాల. ఈ పక్క లైటుహౌసు కొండ మొనకి రావాల. ఆ రెండూ కలిసిన సోటే నా గుట్ట. ఎల్లి సూసుకోండి."

దుర్గ తండ్రి చొక్కా పట్టుకుని, "నాన్నా!" అంది.

"ఆ పెద్ద వల తియ్యడం నా ఒక్కడివల్ల అవదు. ఆ గుడ్లలోంచి పిల్లలు బయటికెల్లేక అందరం ఎల్దాం. అందాకా అక్కడ ఎవులూ వల ఎయ్యొద్దు."

సన్యాసిరాజు గొంతు సవరించుకున్నాడు. "మీ బాబు నాకు అన్న వరస. ఎన్నిసార్లు అడిగినా ఆ తావు సెప్పలేదు, మొండోడు," అని ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "ఏటలా సూత్తారు? జరగండే! పిల్ల బిందె పెట్టుకుంటాది."

కొన్నాళ్ళకి వీధిలోని పడవలన్నీ కలిసి వెళ్ళి ఆ వల లాగేశాయి. దాలయ్య పరవాడ ఊసెత్తడం మానేశాడు. అమ్మవారు కుండ పట్టిందా, లేక ఒక జీవికి గూడు దొరకడమే పట్టడమా, నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోయినా రోజూ పొద్దున్నే దండం పెడుతూనే ఉన్నాను.

మొన్న ఫోన్ చేస్తే దాలయ్య విసుక్కున్నాడు. "ఏటి సెప్పమంటావు బావా! ఆ తావుకి అందరూ ఒచ్చేత్తన్నారు. నా పడవకే పార్కింగు దొరకట్నేదు!"

వెనక దుర్గ గలగలా మాట్లాడుతూనే ఉంది. వాడి మాట నాకు సగమే వినపడింది.