బోడిమెడ మంద

కరెంటు పోయి చాలాసేపయింది. రెండు కోళ్ల షెడ్లలోనూ ఫ్యాన్లు ఆగిపోయాయి. జనరేటరు కాసేపు దగ్గి, బెల్టు తెంపుకుని మూలన పడింది. కొత్త బెల్టు కోసం బండి మీద వెళ్లిన బావ ఇంకా రాలేదు.

"మోటారు ఆడదు. మిగిలిందల్లా ట్యాంకులో ఉన్న ఆ కాసిని నీళ్లే," అంది అక్క, ఎండకు కళ్లు చికిలిస్తూ. "నీ షెడ్డుకి సగం, నా షెడ్డుకి సగం. కానియ్, తొందరగా."

చెల్లెలు గొట్టం అందుకుంది గానీ కదల్లేదు.

అక్క షెడ్డు నిండా తెల్లకోళ్లు. గుడ్లు పెట్టడంలో వాటికి సాటిలేదు కానీ ఎండ ముదిరితే ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి. పక్కనున్న చిన్న షెడ్డు చెల్లెలిది. అందులో కోళ్లకు మెడ మీద ఈక ఉండదు. ఎవరో సగం పీకి వదిలేసినట్టుంటాయి. బావ వాటికి 'క్షవరం బ్యాచ్' అని పేరు పెట్టాడు. ఏటేటా ముదురుతున్న ఎండలు చూసి, ఒకే ఒక్క బోడిమెడ పుంజుతో మొదలుపెట్టి, తరం వెంట తరం ఏరికూర్చి ఆమె ఆ మందను తయారుచేసింది.

"నీళ్లన్నీ నీ షెడ్డుకే కొడదాం అక్కా."

అక్క ఆమెకేసి తేరిపార చూసింది. "మతి గానీ పోయిందా? ఇన్నేళ్ల కష్టం కదే."

"ఈక తక్కువ కాబట్టి వాటి ఒంట్లో వేడి త్వరగా బయటికి పోతుంది. తట్టుకుంటాయి."

"ఇంత ఎండ ఎప్పుడైనా తట్టుకున్నాయా?"

"లేదు."

"పైగా నీ దాంట్లో అన్నీ బోడివి కావుగా?"

చెల్లెలు గొట్టం చుట్టలు విప్పింది. నిజమే. ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో, ఒక్కరి నుంచి వచ్చినా మెడ బోసిపోతుంది. ఇద్దరిలో ఎవరి నుంచీ రాని పిల్లలకు నిండుగా ఈకలుంటాయి. అలాంటివి ఆమె షెడ్డులో కొన్ని ఉన్నాయి. వాటినింకా వేరు చెయ్యలేదు.

"రెండు చోట్లా చల్లితే ఎక్కడా చాలవు," అంది చివరికి. "పద."

అక్క షెడ్డులో కోళ్లు ముక్కులు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతున్నాయి. కొన్ని అప్పటికే నేలకు అతుక్కుపోయాయి. చెల్లెలు వాటి మీద పల్చగా నీళ్లు చల్లుతూ పోయింది. అక్క వెనకాలే నడుస్తూ, కూలబడిన వాటిని కాలితో మెల్లగా కదిపి లేపింది. కూర్చుంటే ఒంటి కింద వేడి పేరుకుని చచ్చిపోతాయి. లేచినవి లేచాయి. లేవనివాటిని దాటుకుంటూ పోయారు.

పక్క షెడ్డు నుంచి మొదట్లో గోల వినిపించేది. ఉన్నట్టుండి అదీ ఆగిపోయింది. చెల్లెలు అటు తల తిప్పింది గానీ గొట్టం వదల్లేదు.

"ఒక్కసారి వెళ్లి చూసిరా," అంది అక్క.

"చూస్తే ఇక్కడ నిలబడలేను."

గొట్టంలోంచి గాలి బుసకొట్టేదాకా చల్లింది. ఆ తర్వాత ఖాళీ బస్తాలతో ఇద్దరూ విసురుతూనే ఉన్నారు. బావ వచ్చి బెల్టు బిగించి, ఫ్యాన్లు తిరిగేసరికి తెల్లకోళ్లలో మూడోవంతు పోయాయి.

అప్పుడు వెళ్లి తన షెడ్డు తలుపు తీసింది చెల్లెలు. బోడిమెడవి నీడవైపు ఎడంఎడంగా నిలబడి రొప్పుతున్నాయి. మెడలు ఎర్రగా కందిపోయాయి. బతికే ఉన్నాయి, దాదాపు అన్నీ. గోడవారగా ఈకల మెడలవి మాత్రం వరసగా పడి ఉన్నాయి. వాటి పక్కనే ఆ మొదటి పుంజు కొడుకు, ఇప్పటి మందకంతటికీ తండ్రి. బోడిమెడే, కానీ ఒళ్లు బరువు. జన్యువు దాన్ని కాపాడలేకపోయింది.

ఆమె కింద కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుంది. బోడిమెడవి తట్టుకుంటాయని తను అనుకున్నదే నిజమైంది. ఈకలవి తట్టుకోలేవని తెలిసీ వాటిని ఇక్కడే వదిలేసింది.

అక్క వచ్చి పక్కన కూర్చుంది.

"దీని పిల్లల్లో పుంజులున్నాయా?" అంది అక్క.

"నాలుగైదున్నాయి."

"నా దాంట్లో మిగిలిన పెట్టలతో కలుపుదాం."

"గుడ్లు తగ్గుతాయక్కా. పైగా మంద కుదరడానికి తరాలు పడతాయి. ఎండ అన్నాళ్లు ఆగుతుందో లేదో."

"ఆగదు," అంది అక్క, చచ్చిన కోళ్ల కోసం బుట్ట లాక్కుంటూ. "అందుకే ఇవాళే మొదలెడదాం అంటున్నా."