అన్నీ ఎడమ చేతులే

కత్తిరింపు బల్ల మీది చొక్కా చేతుల గుట్టలోంచి మాస్టరు ఒకటి తీశాడు. మరొకటి తీసి రెంటినీ పక్కపక్కన పట్టి చూశాడు. గుట్ట అడుగునుంచి ఇంకొకటి లాగాడు. అదీ అంతే. బడి పిల్లల చొక్కాల కోసం కోసిన చేతులన్నీ ఎడమవే.

గుడ్డ పొరలన్నీ ఒకే వైపు ముఖం పెట్టి పరిచినప్పుడు, ఒక చెయ్యి గీశాక నమూనా అట్టను తిరగేసి రెండోది గియ్యాలి. కొయ్యడం నేర్చుకునేవాళ్ళకు మొదటి పాఠం అది. కత్తెరమ్మ అట్టను తిరగెయ్యలేదు. ఆ కుట్టుశాలలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. కత్తెర పట్టే నేర్పు చూసి పెట్టిన పేరే నిలిచిపోయింది. అలాంటి మనిషి కొత్తగా చేరినవాళ్ళు కూడా చెయ్యని తప్పు చేసి కూర్చుంది.

"ఆ బడిలో పిల్లలందరికీ రెండూ ఎడం చేతులేనేమో మాస్టారూ," అంది కాజాలు కుట్టే ఆవిడ. "పంతుళ్ళకి పని తగ్గింది. రాత ఎందుకు బాగాలేదని అడగక్కర్లేదు."

మిషన్లు ఆగాయి. నవ్వులు లేచాయి. మాస్టరు మాత్రం నవ్వలేదు.

"సోమవారం నుంచి గుండీల దగ్గర కూర్చో అమ్మా. బల్ల ఇంకొకరికి ఇస్తాను."

"గుండీలు నావల్ల కాదు మాస్టారూ. ఒకేచోట కూర్చుంటే ఒళ్ళు కొయ్యబారిపోతుంది. బల్ల దగ్గరైతే అటూ ఇటూ తిరుగుతాను."

"ఒళ్ళు నొప్పులంటావు, కళ్ళు తిరుగుతున్నాయంటావు. పరీక్షలు చేయిస్తే అన్నీ బాగున్నాయని వస్తాయి. నేనేమనుకోవాలో నువ్వే చెప్పు."

చెప్పి చెప్పి ఆమె నోరు అరిగిపోయింది. రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, ఎక్స్‌రే ఫొటోలు బాగున్నాయి. అలాంటి కాగితం వచ్చిన ప్రతిసారీ ఇంటిల్లిపాదీ సంతోషించారు, ఆమె తప్ప. చివరికి ఒక డాక్టరమ్మ మెడ మీద, భుజాల మీద, తుంటి మీద వేలితో నొక్కి చూసి, జరిగిందంతా ఓపిగ్గా విని, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారంది. "నీ నొప్పి నిజం. రేడియో ధ్వని ఎవరో పూర్తిగా పెంచి వదిలేసినట్టు నీ నరాలు చిన్న నొప్పిని కూడా పెద్దది చేసి వినిపిస్తున్నాయి. ఈ క్యాప్సూల్ ఆ ధ్వని కొంత తగ్గిస్తుంది. నడక, వేడినీళ్ళు, వేళకి నిద్ర, ఇవి కూడా మందులే. ఒకటుంటే ఇంకొకటి అక్కర్లేదనుకోకు," అంది. నీ నొప్పి నిజం అన్న ఆ ఒక్క మాటకి కత్తెరమ్మ ఆసుపత్రి బల్ల మీదే ఏడ్చేసింది.

అప్పటినుంచి కొన్ని నెలలు బాగానే గడిచాయి. పొద్దున నెమ్మదిగా నడక, రాత్రి భోజనం కాగానే క్యాప్సూల్, పడుకోబోయే ముందు అక్క పట్టే వేడి నూనె. అక్కది మూలికల కొట్టు. అక్కాబావలూ ఆమే కలిసుండే ఇంటి ముందు గదిలోనే దంచుతుంది, జల్లిస్తుంది, ఖాళీ క్యాప్సూళ్ళలో పొడి కూరి అమ్ముతుంది. ఏదో వేరు పొడి పాలలో కలిపి చెల్లెలికీ ఇచ్చేది. డాక్టరమ్మని అడిగితే పరవాలేదంది కనక తాగేది. నొప్పి పోలేదు గాని, దానితో బతకడం అలవాటవుతోంది.

ఈ మధ్యే అంతా తలకిందులైంది. చూపు పక్కకి తిప్పితే తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటోంది. ఉన్నట్టుండి చెమటలు. నొప్పి పాత బాకీ వసూలుకొచ్చినట్టు వచ్చి మీద పడింది. పేరు పెట్టి పిలిచినా మాట బుర్రకెక్కడానికి కొంత సేపు పడుతోంది. ఎడమ చేతుల గుట్ట ఆ మబ్బులోనే తయారైంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, భోజనమయ్యాక, గిన్నెలు కడిగిన తడి చేత్తోనే సీసాలోంచి క్యాప్సూల్ తీసుకుంది. అది వేళ్ళ మధ్యే రెండు ముక్కలైంది. కంపెనీ క్యాప్సూల్ అంత తేలిగ్గా ఊడదు. ఒకసారి విప్పి మూసినదైతేనే అలా జారుతుంది. మొదట్లో ఒకసారి క్యాప్సూల్ పగిలినప్పుడు లోపల ఆవగింజంత తెల్లటి పూసలు చూసింది. ఇప్పుడు అరచేతిలో పడింది గోధుమరంగు పొడి. వాసన చూడాల్సిన పనే లేకపోయింది. ఆ ఇంటి గోడలకి పట్టిన వాసనే అది.

సీసా పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళింది. అక్క జల్లెడ పడుతోంది. బావ గడప మీద కూర్చుని కాఫీ చప్పరిస్తున్నాడు. కత్తెరమ్మ సీసాని జల్లెట్లో బోర్లించింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

అక్క జల్లెట్లోకి చూసింది. తర్వాత గడ్డం ఎత్తింది.

"నీ మంచికే చేశాను బుల్లీ. నీకు తగ్గింది నా వేరు పొడితో. పేరేమో ఆ మందుకి వచ్చింది. అది తీసేసినా బాగుంటావని చూపిద్దామనుకున్నాను. కొన్నాళ్ళు గడిచాక నేనే చెప్పేదాన్ని."

"బాగున్నానా?"

"మొదట్లో అలాగే ఉంటుంది. ఒంట్లో పేరుకున్న విషం బయటికి పోవాలి కదా."

"తల తిరిగి గోడ పట్టుకుని నడిచాను. నువ్వు చూస్తూ నిలబడ్డావు. ఎలా ఉందే అని అడిగావు కూడా. అడిగి, నిమ్మరసం కలిపిచ్చావు."

"అమ్మ ఎలా పోయిందో నీకు తెలీదా?" అక్క గొంతు పెరిగింది. "కీళ్ళ నొప్పులని దుకాణంలో మాత్రలు తెచ్చుకుని మింగి మింగి, కడుపులో పుండు పడి, రక్తం కక్కుకుంది. పట్టుకుని కూర్చున్నది నేను. ఇప్పుడు నువ్వు రోజూ భోజనం కాగానే నా కళ్ళముందు ఒకటి మింగుతుంటే నేనెలా చూడను?"

కత్తెరమ్మకు అమ్మ గుర్తొచ్చింది. అయినా కోపం ఒక్క అంగుళం జరగలేదు.

"అమ్మ ఎవర్నీ అడక్కుండా మింగింది. నేను డాక్టర్ని అడిగి మింగుతున్నాను. నీ పొడి కూడా అడిగే తాగాను. నీకు భయమైతే నాతో పోట్లాడాల్సింది, గొడవ చెయ్యాల్సింది. నేను నిద్రపోతున్నప్పుడు నా సీసా విప్పడమేమిటి? నేను నీకు మనిషినా, నీ మందు పనిచేస్తుందో లేదో చూసుకునే కుండీలో మొక్కనా?"

"ఇంట్లో మాట ఇంట్లోనే..." అని బావ గొంతు సవరించుకున్నాడు.

"నీకు తెలుసా బావా?"

బావ కాఫీ గ్లాసులోకి చూశాడు. "మీ ఇద్దరి మధ్యా నేను గుండీ లాంటివాణ్ణి. ఎటు లాగితే అటు."

"అయితే తెగిపోయి పక్కన పడుండు." ఆమె అక్క వైపు తిరిగింది. "సోమవారం నాతో కుట్టుశాలకి రా. మాస్టరు ముందు, అందరి ముందు, చేసింది చెప్పు."

అక్క ముఖం పాలిపోయింది. "ఆ కాజాలావిడ నోరు నీకు తెలుసు. క్యాప్సూళ్ళు మార్చేసే మనిషి దగ్గర ఎవరు మందు కొంటారే? కొట్టు మూసుకోవాలి."

"నా బల్ల పోతోందక్కా. అందరూ నన్ను దొంగనొప్పుల మనిషి అనుకుంటున్నారు. నేను చెబితే అది ఇంకో సాకు. నువ్వు చెబితేనే నిజం."

"వేరే ఏదైనా అడుగు."

"వేరే ఏమీ అక్కర్లేదు."

మర్నాడు డాక్టరమ్మ జరిగినది విని పెన్ను కింద పెట్టేసింది. ఇది ఉన్నపళంగా ఆపే మందు కాదని, ఆ తల జివ్వుమనడం అందుకేనని, మళ్ళీ తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలని చెప్పింది. కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చంది. మా అక్కే చేసిందని చెప్పేటప్పుడు కత్తెరమ్మ నాలుక మీద ఆ మాట చేదుగా తగిలింది.

సోమవారం అక్క వచ్చింది. దారిపొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. కుట్టుశాలలో అక్క బల్ల అంచు పట్టుకుని నిలబడి, ఎవరి ముఖమూ చూడకుండా చెప్పింది. "దాని మందు నేనే మార్చాను. దానికి తెలీదు. దాని క్యాప్సూళ్ళలో మందు తీసేసి నా పొడి పోశాను. దానికొచ్చిన తికమకంతా నావల్ల వచ్చింది."

మిషన్లు ఆగిపోయాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"అయితే నాకిచ్చిన దగ్గు మందులో ఏం పోశావు?" అంది కాజాలావిడ.

"అందులో చెప్పిందే ఉంది," అంది అక్క. నమ్మమని అడగలేదు.

మాస్టరు మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకుంటూ కత్తెరమ్మ వైపు చూశాడు. "మందు సరిపడితే మళ్ళీ మామూలైపోతావా?"

అవునని చెప్తే బల్ల దక్కుతుంది. ఆమెకు ఆ సంగతి తెలుసు.

"అవను," అంది. "ఇది నాతోనే ఉంటుంది మాస్టారూ. మందు, నడక, నిద్ర సరిగ్గా ఉంటే కొయ్యగలను. బాగాలేని రోజు పొద్దునే చెబుతాను. ఆ రోజు కత్తెర పట్టను, అట్టలు చూసుకుంటాను. చెప్పినప్పుడు మీరు నమ్మాలి. నమ్మలేకపోతే ఇప్పుడే చెప్పండి, వేరే చోటు చూసుకుంటాను."

మాస్టరు టేపు విప్పి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "కొన్నాళ్ళు ఒక్కపూట కొయ్యి. మధ్యాహ్నం ఇంకొకరు కోస్తారు. తర్వాత చూద్దాం."

అడిగినంతా రాలేదు. గుండీలు మాత్రం తప్పాయి. ఆమె తలూపింది.

కత్తెరమ్మ గుమ్మం దాకా అక్క వెంట నడిచింది. మర్యాద కోసం కాదు, అక్క వెళ్ళడం కళ్ళారా చూడడానికి. మెట్టు మీద అక్క ఆగింది.

"సాయంత్రం నూనె వేడిచేసి భుజాలు పట్టనా?"

"నన్ను అడక్కుండా ఇక నా ఒంటి మీద చెయ్యి వెయ్యకు."

"అడుగుతున్నాను కదే."

కత్తెరమ్మ అక్క ముఖంలోకి చూసింది. నిజంగానే అడుగుతోంది, జవాబు కోసం ఆగి మరీ.

"ఇవాళ వద్దు," అంది.

అక్క ఎందుకని అడగలేదు. పైట సర్దుకుని మెట్లు దిగింది. కత్తెరమ్మ లోపలికి వెళ్ళి, తల నెమ్మదిగా తిప్పుకుంటూ, గుడ్డ పరచడం మొదలుపెట్టింది.